ఒక్కటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో పని పెట్టుకుంటే: ఆ 8 రాత్రుల సంగతి

అమ్మా, మీ ఇబ్బంది అర్థమైంది. సీతమ్మధారలో 30 ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, గదులు రెండున్నా బాత్రూమ్ ఒక్కటే. కింద ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగుతోందని వాళ్లు ఇప్పటికే రెండుసార్లు పైకి వచ్చి చెప్పారు కాబట్టి పని ఎక్కువ కాలం వాయిదా వేయలేరు. ఇంట్లో 72 ఏళ్ల అత్తగారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. బాబు ఇంటర్ రెండో సంవత్సరం. మేస్త్రీ "పది రోజుల్లో అప్పజెప్పేస్తాను" అన్నాడు, సంక్రాంతి ముందు చేయించేద్దామనుకుంటున్నారు. ఆ పది రోజులూ ఇంట్లోనే నెట్టుకురాగలమా, లేక అద్దెకి ఎక్కడికైనా వెళ్లాలా అన్నది మీ ప్రశ్న.

నేను సివిల్ డిప్లొమా చేసి 27 ఏళ్లుగా వైజాగ్‌లో ఇళ్ల రిపేరు పనులు చూస్తున్నాను. సూటిగా చెప్తాను. పది రోజుల్లో అవదు. మేస్త్రీ అబద్ధం చెప్పాడని కాదు, తన చేతి పని పట్టే రోజులు మాత్రమే లెక్కేసుకున్నాడు. ఆరడానికి పట్టే రోజులు, నీళ్లు నిలబెట్టి చూసే రోజులు, ప్లంబర్ ఇంకో సైట్‌కి వెళ్లిపోయిన రోజులు ఆయన లెక్కలో లేవు. 18 నుంచి 20 రోజులు అనుకోండి. ఆ సంఖ్య చూసి కంగారుపడి అద్దె ఇల్లు వెతకొద్దు. ఎందుకంటే 20 రోజులూ ఒకేలా ఉండవు. పని సరైన వరసలో చేయిస్తే కమోడ్ వాడుకోలేని రాత్రులు 8, ఒకటి అటూ ఇటూ. ఆ 8 రాత్రులు ఏ తేదీల్లో పడతాయో ముందే రాసి పెట్టుకోండి. టైల్స్ రంగు కంటే, కుళాయిల బ్రాండ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే.

మామూలుగా ఏం జరుగుతుందంటే, మొదటి రోజు పొద్దున్నే కమోడ్ పీకి బయట పెట్టేస్తారు. గది ఖాళీగా ఉంటే సుత్తి ఆడించడానికి వాళ్లకి సులువు. ఆ క్షణం నుంచి మీ ఇంట్లో టాయిలెట్ లేనట్టే, మళ్లీ వచ్చేది చిట్టచివర. దీనికి ఒప్పుకోవద్దు. "ముందు గోడలు కానివ్వండి, నేల, కమోడ్ ఆ తర్వాత" అని పని మాట్లాడుకునేటప్పుడే చెప్పండి. దానికి ఒక కూలీ రోజు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి.

అప్పుడు వరస ఇలా వస్తుంది. మొదటి మూడు రోజులు గోడల టైల్స్ తీస్తారు. కమోడ్ మీద గోనెసంచులు కప్పి, పైన ప్లైవుడ్ ముక్క పెట్టి తాడుతో కట్టించండి. ఫ్లష్ ట్యాంక్ తీసేసినా ఫరవాలేదు, బకెట్ నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే సరిపోతుంది. సాయంత్రం కూలీలు దిగిపోయాక ముక్కలు ఎత్తించి, నేల కడిగించి, చెప్పులు వేసుకుని వాడుకోవచ్చు. తర్వాతి మూడు రోజులు గోడల్లో గాడి కొట్టి పైపులు వేయడం, ప్రెషర్ టెస్ట్, ప్లాస్టరింగ్. అప్పుడూ రాత్రికి టాయిలెట్ ఉంటుంది. ఏడో రోజు కమోడ్ లేస్తుంది. అక్కడి నుంచి లెక్క మొదలు. నేల పగలగొట్టి కింది లైన్లు మార్చడానికి రెండు రోజులు, వాటర్‌ప్రూఫింగ్ కోటింగులకి రెండు, నీళ్లు నిలబెట్టి చూడడానికి రెండు, నేల మట్టం చేసి టైల్స్ పరచడానికి రెండు. కమోడ్ వచ్చే మూల టైల్స్, దాని వెనక గోడ టైల్స్ ముందు వేయించుకుంటే 15వ రోజు పొద్దున కమోడ్ కూర్చోబెట్టి ఆ రాత్రికి వాడుకోవచ్చు. మిగతా గోడల టైల్స్, తలుపు, లైట్లు, కుళాయిలు ఆ తర్వాత నింపాదిగా చేసుకోనివ్వండి. అప్పటికి మీ టెన్షన్ సగం తీరిపోయి ఉంటుంది.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, 2016లో మురళీనగర్‌లో మా ఇంటి బాత్రూమ్ పని పెట్టినప్పుడు ఈ లెక్క నేను వేసుకోలేదు. పక్క ఫ్లాట్ వాళ్లు మంచివాళ్లు, "మా బాత్రూమ్ వాడుకోండి అన్నయ్యా" అన్నారు. అది చాలనుకున్నాను. మా అమ్మకి అప్పుడు 78. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర గమనించాను, అమ్మ చారు వద్దంది, మజ్జిగ వద్దంది, గ్లాసులో నీళ్లు పోస్తే పక్కకి జరిపింది. ఎందుకమ్మా అంటే "దాహం లేదు నాయనా" అంది. నిజం ఏమిటంటే సాయంత్రం నాలుగు దాటాక ఆవిడ నీళ్లు ముట్టడం మానేసింది. రాత్రి లేవాల్సి వస్తే ఒకరి తలుపు కొట్టాలి కదా. ఆ సంగతి నోటితో అనలేక దాహమే లేదంది. వారం తిరిగేసరికి మూత్రంలో మంట, చలిజ్వరం. డాక్టర్ గారు అడిగిన మొదటి మాట "నీళ్లు తాగుతున్నారా?" అని. ఆ రోజు నుంచి ఎవరింట్లో బాత్రూమ్ పని మొదలుపెట్టినా నేను ముందు అడిగేది, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు అని.

మీ అత్తగారిని ఆ 8 రాత్రులు ఆడపడుచు గారింటికో, దగ్గరి బంధువుల ఇంటికో పంపే వీలుంటే పంపండి. "వెళ్లిపొమ్మంటున్నారు" అని ఆవిడకి అనిపించకుండా తేదీలు చూపించి, "ఫలానా రోజు పొద్దున్నే వచ్చి తీసుకొస్తాం" అని చెప్పండి. ఆవిడ ఇల్లు కదలనంటే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. మధ్యలో రంధ్రం, కింద తీసి కడుక్కునే గిన్నె ఉంటుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ఆవిడ మంచానికి నాలుగడుగుల దూరంలో పెట్టి చుట్టూ ఒక చీర అడ్డం కట్టండి. పక్కనే మూతున్న బకెట్, మగ్గు, చిన్న లైటు. కుర్చీ కాళ్లకి రబ్బరు బుష్‌లు ఉన్నాయో లేవో కొనేటప్పుడే చూసుకోండి, మన పాత గచ్చు మీద అవి లేకపోతే జారిపోతుంది. పొద్దున్నే ఆ బకెట్ ఎవరు దింపుతారన్నది కూడా ముందే మాట్లాడుకోండి. ఆ మాట తేలకపోతే పెద్దావిడ మొహమాటంతో మళ్లీ నీళ్లు మానేస్తారు. మీ ఆయన "నేను చూసుకుంటా అమ్మా" అని ఆవిడ ముందే అనాలి.

మీ ముగ్గురి సంగతి కొంచెం తేలిక. చాలా అపార్ట్‌మెంట్లలో కింద పార్కింగ్‌లో వాచ్‌మన్ కోసం ఒక టాయిలెట్ ఉంటుంది. మీ దాంట్లోనూ ఉంటే అసోసియేషన్‌తో మాట్లాడి, వాచ్‌మన్ కుటుంబాన్ని కూడా అడిగి, ఆ 8 రోజులు వాడుకోండి. రోజూ కడిగించే బాధ్యత మీరే తీసుకోండి. బల్బు, గొళ్లెం సరిగ్గా లేకపోతే మీ ఖర్చుతో పెట్టించండి, అది వాళ్లకీ మిగులుతుంది. ఎదురింటి వాళ్లని అడిగేటప్పుడు ఒక వేళ చెప్పి అడగడం మంచిది. "పొద్దున 6 నుంచి 7 లోపు ముగ్గురం వచ్చి వెళ్తాం" అంటే వాళ్లకీ వెసులుబాటు. ఎప్పుడు పడితే అప్పుడు అంటే నాలుగో రోజుకే మొహాలు మారతాయి, అందులో వాళ్ల తప్పేం లేదు.

స్నానాలకి వంటింటి వెనక వాష్ ఏరియా చాలు. గ్రిల్‌కి టార్పాలిన్ కట్టించి, లోపల మేకు కొట్టి బట్టలకి తాడు వేసుకోండి. అక్కడి గచ్చు ఒకసారి బ్రష్‌తో రుద్ది పాచి వదిలించాకే పెద్దావిడని తీసుకెళ్లండి, ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టండి. వేణ్నీళ్లు స్టవ్ మీదే కాచుకోండి. బకెట్లో వేసే హీటర్ రాడ్ మాత్రం ఈ 20 రోజులూ వద్దు. నేల తడి, ఎక్స్‌టెన్షన్ వైర్లు వేలాడుతుంటాయి, మేస్త్రీ కట్టర్ కూడా అదే లైన్ మీద ఉంటుంది. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పని మొదలుపెట్టే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించండి. గీజర్ మళ్లీ బిగించేటప్పుడు ఎలాగూ కావాలి.

నీళ్ల విషయం. మన పేటల్లో చాలాచోట్ల జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు వచ్చేది కాసేపే. పైపులు మార్చే రోజు ప్లంబర్ మీ ఫ్లాట్ వాల్వ్ కట్టేస్తాడు, ఒక్కోసారి వంటింటికీ రాదు. ముందు రోజు రాత్రే రెండు డ్రమ్ములు నింపి పెట్టుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ నీళ్లతో సిమెంటు కలపనివ్వద్దు. సముద్రం వైపు పేటల్లో ఇది ఎక్కువ, లాసన్స్ బే వైపు చేసిన పనుల్లో చూశాను, ఆరు నెలలు తిరక్కుండానే టైల్స్ సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంది. ఇసుక కూడా నది ఇసుకే అయి ఉండాలి. నాగావళి, వంశధార ఇసుక శ్రీకాకుళం నుంచి వస్తుంది. గుప్పెడు ఇసుక గ్లాసు నీళ్లలో వేసి కలిపి వదిలేయండి. తేరుకున్నాక పైన మట్టి పొర మందంగా కనిపిస్తే ఆ లోడు వెనక్కి పంపండి.

ఇక అసలు రోగం. కింది వాళ్ల సీలింగ్ తడి ఎప్పుడూ ఒకేలా ఉంటుందా, లేక మీరు స్నానాలు చేశాక పెరుగుతుందా అని వాళ్లని అడగండి. ఎప్పుడూ ఉంటే ప్రెషర్‌తో నీళ్లొచ్చే లైన్లో తేడా ఉండొచ్చు. స్నానం తర్వాత పెరిగితే నేలలోనో, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింది గిన్నె) జాయింట్‌లోనో, కమోడ్ పైపు జాయింట్‌లోనో ఉంటుంది. ఒక రాత్రి వాల్వ్ కట్టేసి పొద్దున్న చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అంటించేద్దాం, మూడు రోజుల్లో అయిపోతుంది అని ఎవరైనా చెప్తే వినకండి. మీ ఇంట్లో అందంగా ఉంటుంది, కింది వాళ్ల సీలింగ్ తడుస్తూనే ఉంటుంది.

కమోడ్ లేచిన రోజు మీరు ఇంట్లో ఉండి తీరాలి. 110 మిల్లీమీటర్ల పైపు నోరు తెరుచుకుని ఉంటుంది. దాంట్లోకి సిమెంటు సంచి ముడి చేసి గట్టిగా దోపి, పైన పలక పెట్టించండి. గుడ్డ పేలికలు చాలవు, జారి లోపలికి పోతాయి. ఒక ఇంట్లో టైలు పెంకు ఒకటి అందులో పడింది. అరచేతి కంటే చిన్నది. అది కింద వంపులో అడ్డం పడి, దాని మీద సిమెంటు నీళ్లు పేరుకుని, రెండు రోజుల తర్వాత మొదటి అంతస్తు వాళ్ల కమోడ్‌లోంచి మురుగు ఎగదన్నింది. ఆ ఇంటి ఇల్లాలు ఏడుస్తూ పైకి వచ్చింది. బయటి లైన్ కోసి ఆ పెంకు తీయడానికి ఒక రోజంతా పట్టింది. పైగా ఆ నోరు మూయకపోతే రాత్రికి బొద్దింకలు, కంపు మీ మంచాల దాకా వస్తాయి.

పగలగొట్టిన చెత్త ఎంత వస్తుందో ఎవరూ ఊహించరు. మీ బాత్రూమ్ 5 అడుగులకి 8 అడుగులు అనుకుందాం. నేల 40 చదరపు అడుగులు, ఏడడుగుల ఎత్తు గోడలు తలుపు తీసేస్తే 165 దాకా. టైల్స్, వాటి కింది సిమెంటు, నేల కింది పాత కాంక్రీటు కలిపితే టన్నున్నర పైమాటే. మనిషి మోయగలిగేలా సిమెంటు సంచుల్లో సగం సగం నింపితే 50, 60 సంచులు. అవన్నీ మెట్ల మీదుగా దిగాలి. లిఫ్ట్‌లో వేయనివ్వద్దు, అసోసియేషన్‌తో అనవసరంగా గొడవ. రోజు చెత్త ఆ రోజే కిందికి దిగేలా, చిన్న ట్రాలీ రెండు మూడు ట్రిప్పులు వేసేలా రేటు ముందే మాట్లాడుకోండి. రోడ్డు పక్కనో కాలువలోనో పోయడం నిబంధనల ప్రకారమే తప్పు. ట్రాలీ అతను ఎక్కడ పోస్తాడో అడిగాకే డబ్బులివ్వండి.

దుమ్ముకి తలుపు మూస్తే చాలదు. బాత్రూమ్ గుమ్మానికి మందపాటి ప్లాస్టిక్ షీటు వేలాడదీసి, కింద తడి గోనెసంచి పరవండి. టైల్స్ కోసే పని ఇంట్లో వద్దు. మేడ మీదకి పంపించి, బ్లేడు మీద నీళ్లు పోస్తూ కోయమనండి. ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మీకంటే ముందు ఆ కోసే కుర్రాడికి. మాస్కులు మీరే కొని ఇవ్వండి. వంటింట్లో ఆ రోజుకి కావలసిన నాలుగు గిన్నెలు ఉంచుకుని మిగతావి బోర్లించి పాత దుప్పటి కప్పండి. పగలగొట్టే రోజుల్లో పొద్దున ఎనిమిది లోపే వంట ముగించుకోండి. ఏసీ ఆ రోజుల్లో వేయొద్దు.

బాబు చదువు గురించి మీరు ఒక్క ముక్కే రాశారు గానీ నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. బ్రేకర్ చప్పుడులో చదవమనడం అన్యాయం. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం మీకు దగ్గరే, పగలగొట్టే రోజుల్లో సెలవుంటే అక్కడికి పంపండి. ఇంకో సంగతి, సంక్రాంతి ముందు పది రోజుల్లో అన్నారు కదా, అది వద్దు. మన దగ్గర పనిచేసే మేస్త్రీలు, కూలీలు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు. భోగికి ముందే ఊరెళ్లిపోతారు, కనుమ, ముక్కనుమ అయ్యి తిరిగొచ్చేసరికి వారం పైనే. నేల తవ్వి ఉన్నప్పుడు వాళ్లు వెళ్లారంటే మీ 8 రాత్రులు 16 అవుతాయి. పండగ తర్వాత మొదలుపెడితే బాబు ప్రాక్టికల్స్, పరీక్షలు మీద పడతాయి. నవంబరు ఆఖరి వారంలో మొదలుపెడితే క్రిస్మస్‌కి ముందే తేలిపోతుంది. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏదైనా ఉంటే వాటర్‌ప్రూఫింగ్ తేదీ రెండు రోజులు జరపండి. ముసురులో ఆ కోటింగ్ త్వరగా ఆరదు. తడి మీద రెండో కోటింగ్ కొట్టడం కంటే రెండు రోజులు ఆగడం నయం.

రెండు పరీక్షలు మాత్రం ఎవరు తొందరపెట్టినా వదలొద్దు. గోడల్లో సీపీవీసీ (వేణ్నీళ్లకీ తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేసి, అతికించిన జాయింట్లు ఒక రోజు ఆరాక, పంపుతో ప్రెషర్ ఎక్కించి మీటర్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. సాయంత్రానికి అది దిగకూడదు. అది చూశాకే ప్లాస్టరింగ్. రెండోది, వాటర్‌ప్రూఫింగ్ ఆరాక ట్రాప్ నోరు మూసి, నేల మీద మూడంగుళాల నీళ్లు నిలబెట్టి, నీటి మట్టం దగ్గర గోడ మీద గీత పెట్టి, 48 గంటలు వదిలేయడం. ఆ రెండు రోజులూ కింది వాళ్లింటికి వెళ్లి సీలింగ్ చూడండి. పని మొదలుకాక ముందు ఆ సీలింగ్ ఫోటోలు తీసి పెట్టుకుంటే పాత మరక ఏది, కొత్త తడి ఏది అన్న వాదన రాదు. పాత తడి ఆరడానికి వారాలు పడుతుందని కూడా వాళ్లకి చెప్పి ఉంచండి.

టైల్స్ వేశాక మేస్త్రీ చేతిలోని కర్ర సుత్తి తీసుకుని మీరే ఒక్కో పలక మీద నాలుగు మూలలా తట్టండి. నిండుగా ఉంటే గట్టి చప్పుడు, కింద జిగురు చేరకపోతే డొల్ల చప్పుడు. మీ చెవికే తెలుస్తుంది. డొల్లగా ఉన్నది ఆ రోజే తీయించాలి. వాటం చూడడానికి ఒక చెంబు నీళ్లు నాలుగు మూలల్లో పోయండి. 80 సెంటీమీటర్లకి ఒక సెంటీమీటర్ వాలు ఉంటే నీళ్లు వాటంతట అవే ట్రాప్‌కి చేరతాయి.

ఫిట్టింగుల్లో ఒక్కటే చెప్తాను. ఉప్పు గాలి సీతమ్మధార దాకా రాదనుకోవద్దు. స్టీలు రాడ్లు, స్క్రూలు 202 గ్రేడువి కొంటే ఏడాదికే తుప్పు చుక్కలు వస్తాయి. కనీసం 304, బీచ్ దగ్గరి ఇళ్లకైతే 316.

ఆ స్టీలు రాడ్ల మాట వచ్చింది కాబట్టి, అత్తగారు పట్టుకుని లేవడానికి కమోడ్ పక్కన ఒకటి తప్పకుండా పెట్టించండి. ఎంత ఎత్తులో అని ప్లంబర్‌ని అడగొద్దు, ఆయన తన ఎత్తుకి చెప్తాడు. కమోడ్ తీసే ముందు, గోడలు ఇంకా ప్లాస్టరింగ్ మీద ఉన్నప్పుడే, ఒక సాయంత్రం ఆవిడని పాత కమోడ్ మీద కూర్చోబెట్టి లేవమనండి. కొత్తది ఎత్తుగా వస్తుంటే ఆ తేడా మేరకు పీట వేసి చూడండి. లేచేటప్పుడు ఆవిడ చెయ్యి గోడ మీద ఎక్కడ ఆనిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, నేల నుంచి, మూల నుంచి కొలత రాసుకోండి. టైల్స్ వేశాక ఆ కొలత ప్లంబర్ చేతికివ్వండి.